అన్ని స్థాయుల కొమ్ము, బూర, హారన్ వాద్యకారులను రెండు రోజులు ఒకచోట కూర్చోబెట్టడం ఎలా?

తూర్పుగాలి (పర్లాకిమిడి):

పెద్దలకు, తోటి వాద్యకారులకు నమస్కారం.

వచ్చే పుష్య మాసంలో మా పర్లాకిమిడిలో రెండు రోజుల సమ్మేళనం ఒకటి జరపాలని నలుగురు మిత్రులం కలిసి అనుకుంటున్నాము. పెదవుల అదురుతో పలికే వాద్యం ఏదైనా సరే, దానిని వాయించే ప్రతివారూ అందులో ఉండాలన్నది మా కోరిక. జాతరలో కొమ్ము పట్టేవారు, పెళ్ళి బ్యాండులో ట్రంపెట్, యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర వాయించేవారు, పోలీసు బ్యాండులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, నిన్న మొన్ననే బూర చేతబట్టిన పిల్లలు, అందరినీ పిలవాలని ఉంది. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల నుండి, అటు శ్రీకాకుళం వైపు నుండి కలిపి నలభై మంది వరకు వస్తారని మా అంచనా. నౌపడా మీదుగా గుణుపురం వెళ్ళే రైలు ఉంది కనుక ప్రయాణం గురించి నాకు పెద్దగా బెంగ లేదు.

నేను పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. పదకొండేళ్ళుగా ఫ్రెంచ్ హారన్ సాధన చేస్తున్నాను. హారన్ అనగానే లారీ హారన్ అనుకొని నవ్వేవారే మా వీధిలో ఎక్కువ కాబట్టి ఎరుగనివారి కోసం ఒక మాట చెబుతాను. అది గుండ్రంగా చుట్టిన ఇత్తడి గొట్టం. చుట్ట విప్పి నేల మీద పరిస్తే సుమారు పన్నెండు అడుగులు ఉంటుంది. ఎడమ చేతి వేళ్ళతో వాల్వులు (గాలి దారిని మార్చి గొట్టం పొడవును మార్చే అమరికలు) నొక్కుతూ, కుడి చేతిని వెడల్పాటి నోటిలోపల ఉంచి వాయించాలి. మా ఊళ్ళో దీనిని వాయించేవాడిని నేను ఒక్కడినే. నా సాధనలోని తప్పును ఎత్తి చూపగలవారు గానీ, నా కంటే తక్కువ తెలిసి నన్ను అడగగలవారు గానీ చుట్టుపక్కల లేరు. ఈ సమ్మేళనం ఆలోచన మొదట ఆ ఒంటరితనంలోంచే పుట్టిందని ఒప్పుకోవాలి.

ఇక అసలు సందేహానికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి వాద్య సమ్మేళనం ఒకదానికి నేను వెళ్ళాను. నిర్వాహకుల పేరు చెప్పడం న్యాయం కాదు. ఉదయం పదింటికి మొదలైన సభలో జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. భోజనాల తరువాత పేరున్నవారు అరగంట చొప్పున వాయించారు. అరవై కిలోమీటర్ల దూరం నుండి తమ వాద్యాలు మోసుకొని వచ్చిన పిల్లలకు చివరలో నాలుగు నిమిషాలు ఇచ్చి, అవి కూడా పూర్తి కాకముందే మైకు తీసేశారు. అటువంటిది నా చేతుల మీదుగా జరగకూడదని గట్టిగా అనుకుంటున్నాను. అయితే దానికి బదులు ఏమి చేయాలో తెలియడం లేదు. తెలిసినవారిని, తెలియనివారిని వేరువేరు గదులలో కూర్చోబెడితే కొత్తవారు మంచి నాదం వినకుండానే ఇంటికి వెళతారు. కలిపి కూర్చోబెడితే తెలిసినవారికి విసుగు పుడుతుందేమోనని భయం. పైగా కాగితం మీది స్వరం చదివి వాయించేవారు కొందరైతే, చెవితో విని వాయించేవారు ఎక్కువమంది. ఒక్కొక్క వాద్యం శ్రుతి ఒక్కొక్క రకం. ఇన్ని రకాలవారిని రెండు రోజులు అర్థవంతంగా కలిపి ఉంచడం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా ప్రార్థన.

నాలుగో హారన్ (స్వస్థలం జయపురం, ప్రస్తుతం అమెరికా):

మాస్టారికి నమస్కారం. మన వైపు నుండి ఈ ప్రశ్న వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన తరువాత, నలభై ఏళ్ళు దాటిన వయసులో ఈ వాద్యం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక ఔత్సాహిక బృందంలో నాలుగో హారన్ వాయిస్తున్నాను. ఇక్కడ నేను పెట్టుకున్న పేరుకు కారణం అదే.

మీరు తలపెట్టిన పని వంటిది ఇక్కడ ఏటేటా జరుగుతుంది. 1969లో ఫ్లోరిడా రాష్ట్రంలోని టల్లహాసీ నగరంలో హారన్ వాద్యకారుల మొదటి అంతర్జాతీయ వర్క్‌షాప్ జరిగింది. మరుసటి సంవత్సరం, అంటే 1970లో, ఇంటర్నేషనల్ హారన్ సొసైటీ ఏర్పడింది. ఈ వాద్యాన్ని ‘ఫ్రెంచ్’ అనే విశేషణం లేకుండా ‘హారన్’ అని మాత్రమే పిలవాలని ఆ సంస్థ 1971లో సిఫారసు చేసింది కనుక మీ వీధివారి నవ్వును ఇంకొంత కాలం భరించక తప్పదు. ఆ పెద్ద సమావేశాలు కాక, ఈశాన్యం, ఆగ్నేయం, మధ్య పశ్చిమం అంటూ ప్రాంతాల వారీగా చిన్న వర్క్‌షాపులు కూడా జరుగుతాయి. సాధారణంగా ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆతిథ్యం ఇస్తుంది. వృత్తి కళాకారులు, విద్యార్థులు, నావంటి ఔత్సాహికులు అందరూ వస్తారు. మాస్టర్‌క్లాసులు (విద్వాంసులు అందరి ఎదుట చెప్పే పాఠాలు), కచేరీలు, పోటీలు, ఉద్యోగపు ఎంపిక పరీక్షకు నమూనా పరీక్షలు, వాద్యాలు తయారు చేసేవారి ప్రదర్శనలు ఉంటాయి. చివరికి వచ్చినవారందరూ ఒకే వేదిక మీద కలిసి వాయిస్తారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పోటీల వైపు తొంగి చూడలేదు, చూసేంత ధైర్యమూ లేదు. అయితే ఉదయం అందరూ కలిసి దీర్ఘ స్వరాలు పట్టే వేళ, నా పక్క కుర్చీలో కూర్చున్న ఆయన ఒక సింఫనీ బృందంలో ఉద్యోగి అని ఆ తరువాత తెలిసింది. ఆయన నాకు ఒక్క మాట కూడా నేర్పలేదు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా నేను కూడా తీసుకున్నాను, అంతే. ఇంటి దగ్గర ఆరు నెలలుగా కుదరని మంద్ర షడ్జం, అంటే కింది ‘స’, ఆ పూట నాకు కుదిరింది. కనుక తెలిసినవారికి విసుగు పుడుతుందన్న మీ భయం గురించి నా అభిప్రాయం ఏమిటంటే, పాఠం చెప్పమంటే విసుగు పుట్టవచ్చు గానీ, పక్కన కూర్చొని వాయించమంటే పుట్టదు.

మరొక సంగతి. మీ ప్రశ్నలో ‘అన్ని స్థాయులవారు’ అని రాశారు. మన భాషలో ఆ మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. మీరు విద్వత్తు స్థాయిని గురించి అడుగుతున్నారు. నేనైతే స్వరాల ఎత్తును బట్టి, అంటే మంద్ర (కింది), మధ్య, తార (పై) స్థాయుల వారీగా కూర్చోబెట్టమని చెబుతాను. సింఫనీ బృందంలో సాధారణంగా నలుగురు హారన్ వాద్యకారులు ఉంటారు. వారిలో ఒకటో, మూడో వాద్యకారులు పై స్వరాలను, రెండో, నాలుగో వాద్యకారులు కింది స్వరాలను చూసుకోవడం ఆనవాయితీ. నాలుగోవాడంటే నాలుగో తరగతివాడని అర్థం కాదు. అతడి పెదవుల పట్టు మంద్రానికి అలవాటు పడి ఉంటుంది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మూడో భాగంలో అందరూ చెవులు రిక్కించి వినే హారన్ ఘట్టాన్ని ఇచ్చింది నాలుగో వాద్యకారుడికే. మీ నలభై మందిని ఆ లెక్కన విడగొడితే ప్రతి వరుసలోనూ కొత్తవారు, పాతవారు దానంతట అదే కలిసిపోతారు. ఎవరినీ ‘ప్రాథమిక’ అని ముద్ర వేసి వేరే గదికి పంపనక్కరలేదు.

బ్యాండు మాస్టారు (బరంపురం):

అయ్యా, అమెరికా నుండి రాసిన బాబుగారు చెప్పినది బాగున్నది. అయితే ఆ ఉదయపు సాధన ఏడు గంటలకు పెట్టకండి. నా వంటివాడు ముప్పై ఏళ్ళుగా రాత్రి ఊరేగింపులు చేసి తెల్లవారుజామున పడుకోవడానికి అలవాటు పడ్డవాడు. తొమ్మిదికి పెడితే మా వాళ్ళు వస్తారు. ఏడు అంటే వస్తామని చెప్పి రారు.

పుష్య మాసం మంచి ఎంపిక. ఇటు తెలుగువారిలో గానీ, అటు ఒడియావారిలో గానీ ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక బ్యాండు మేళాలు ఖాళీగా ఉంటాయి. సంక్రాంతి నాలుగు రోజులు మాత్రం వదిలిపెట్టండి. ఖాళీ అంటే తీరిక అని మాత్రం అనుకోవద్దు. పెళ్ళిళ్ళు లేని నెలలలో మా కుర్రవాళ్ళు ఆటోలు తోలుతారు, రంగుల పనికి వెళతారు. రెండు రోజులు రమ్మంటే రెండు రోజుల కూలి పోగొట్టుకొని రమ్మన్నట్టే. శాలువాలకు పెట్టే ఖర్చును దారి ఖర్చులకు, కూలికి మళ్ళించండి. ఆ మాట ఆహ్వానంలోనే స్పష్టంగా రాయండి. ‘తగిన విధంగా సత్కరింపబడును’ అని రాస్తే మా వాళ్ళకు అనుభవం ఉన్నది కనుక నమ్మరు. అన్నట్టు ఆ ఆహ్వానం వాడుక భాషలో, ఒడియాలో కూడా ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊరి నుండి వచ్చే కాగితం కూలివాడికి అర్థం కాకపోతే బాగుండదు. ఇక్కడ పుస్తక భాషలో రాస్తున్న నేనే ఆ మాట అంటున్నానని నవ్వుకోకండి.

ఇప్పుడు కాగితం సంగతి. మా మేళంలో పద్నాలుగు మంది ఉన్నారు. స్వరలిపి చదవగలవాణ్ణి నేను ఒక్కడినే, అదీ తడుముకుంటూ చదువుతాను. కానీ ఒక కొత్త పాటను ఫోనులో రెండుసార్లు వినిపిస్తే మా యుఫోనియం కుర్రవాడు సాయంత్రానికి దాన్ని వీధిలో వాయిస్తాడు. అదే పాట శ్రుతి మార్చి పాడమని పెళ్ళికూతురి మేనమామ అడిగితే అప్పటికప్పుడు మార్చి వాయిస్తాడు. కాగితం చదివేవారికి ఆ పని చెప్పి చూడండి. ఎవరు పై మెట్టు మీద ఉన్నారు, ఎవరు కింది మెట్టు మీద ఉన్నారు అని అడిగితే నేను చెప్పలేను. అందువల్ల ఒక పూట కాగితాలు అన్నీ మూసి, చెవితో నేర్చుకొనే పాఠం మా వాళ్ళ చేత చెప్పించండి. మరొక పూట పోలీసు బ్యాండు వారి చేత నాలుగు గీతల స్వరలిపి చదవడం నేర్పించండి.

(అయిదు గీతలు. తొందరలో తప్పు రాశాను. చదవడం తడుముకుంటానని పైన ఊరికే అనలేదు.)

ఇంకొక ముఖ్యమైన మాట. పిల్లలు ఉత్సాహపడి ఒకరి మౌత్‌పీస్ మరొకరు నోట పెట్టుకుంటారు. అది జరగనివ్వకండి. ఒక బకెట్టు నీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డ దగ్గర పెట్టండి. మౌత్‌పీస్‌లు కొన్ని అదనంగా తెప్పించండి. మీరట్‌లో జలీ కోఠీ అనే పేట నిండా బ్యాండు వాద్యాలు తయారు చేసే దుకాణాలే ఉన్నాయి. మా మేళం సరుకంతా అక్కడిదే.

పాత బ్యూగిల్ (గుణుపురం):

శ్రుతి గురించి ఎవరూ రాయలేదు కనుక నాకు తెలిసినది రాస్తాను. ఇరవై ఆరేళ్ళు పోలీసు బ్యాండులో ఉన్నాను. మొదట బ్యూగిల్ (వాల్వులు లేని బూర), తరువాత ట్రంపెట్ వంటి కార్నెట్, చివరి తొమ్మిదేళ్ళు హారన్ వాయించాను.

వాల్వు ఏదీ నొక్కకుండా ఊదినప్పుడు గొట్టం మనం అడిగిన స్వరాలన్నీ ఇవ్వదు, తనలో ఉన్నవి మాత్రమే ఇస్తుంది. అడుగున ఆధార షడ్జం, దాని మీద షడ్జం (స), పంచమం (ప), మళ్ళీ షడ్జం, అంతర గాంధారం (గ), పంచమం, ఆ తరువాత కైశికి నిషాదం కన్నా కొంచెం దిగువన పలికే ఒక స్వరం, దాని పైన మళ్ళీ షడ్జం, ఇలా ఒక వరుస ఉంటుంది. బ్యూగిల్ పిలుపులన్నీ ఆ వరుసలోని రెండో మెట్టు నుండి ఆరో మెట్టు వరకు ఉన్న అయిదు స్వరాలతోనే కట్టినవి. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి. పన్నెండు అడుగుల గొట్టంతో హారన్ వాయించేవాడు ఎక్కువగా ఆ దగ్గరపడిన మెట్ల మీదే తిరుగుతాడు కనుక పెదవి వెంట్రుకవాసి జారినా పక్క స్వరం పలుకుతుంది. తూర్పుగాలి గారు ఒంటరిగా పదకొండేళ్ళు పడిన కష్టానికి కారణం ఆయన అసమర్థత కాదు, ఆ గొట్టం పొడవు.

సమ్మేళనానికి పనికివచ్చే విషయం ఇక్కడే ఉన్నది. బ్యాండులోని ట్రంపెట్, యుఫోనియం సాధారణంగా బి-ఫ్లాట్ అనే పాశ్చాత్య స్వరం ఆధారంగా ఉన్న శ్రుతిలో ఉంటాయి. మన బ్యూగిల్ కూడా బి-ఫ్లాట్‌దే. ట్రంపెట్ గొట్టం సుమారు నాలుగున్నర అడుగులు, యుఫోనియం దానికి రెట్టింపు. ఇప్పటి డబుల్ హారన్‌లో బొటనవేలితో ఒక వాల్వు తిప్పితే పన్నెండు అడుగుల ఎఫ్ శ్రుతి గొట్టం నుండి తొమ్మిది అడుగుల బి-ఫ్లాట్ గొట్టానికి మారవచ్చు, అంటే యుఫోనియంతో సమానమవుతుంది. కనుక బి-ఫ్లాట్‌ను షడ్జంగా నిర్ణయించి, వాల్వులు ముట్టకుండా షడ్జ, పంచమ, గాంధారాలతో మాత్రమే నడిచే సరళమైన వరుస ఒకటి కట్టుకుంటే, మొన్న చేరిన పిల్లవాడు కింది షడ్జం పట్టుకుంటాడు, మాస్టారిగారి ట్రంపెట్ కుర్రవాళ్ళు పైన పంచమం మీద ఆడుకుంటారు. కాగితం అవసరం లేదు. జయపురం వారు చెప్పిన మంద్ర, మధ్య, తార స్థాయుల పంపకం కూడా దీనికి చక్కగా సరిపోతుంది. ఈ-ఫ్లాట్ ఆల్టో హారన్ ఉన్నవారు చిన్నబోనవసరం లేదు. వారి గొట్టపు పంచమమే మన షడ్జం అవుతుంది.

కొమ్ముల విషయం మాత్రం వేరు. ఏ కొమ్ము శ్రుతి దానిదే. చేసినవాడు దానిని ఏ హార్మోనియంకూ సరిచూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. దయచేసి వాటిని మన శ్రుతికి తేవడానికి కోయడం, అతుకు పెట్టడం వంటి పనులు చేయకండి. బలవంతాన ఒకేసారి కలిపి ఊదితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. కొమ్ము ఒక పిలుపు ఇవ్వాలి. అది ఆగిన తరువాత ఇత్తడి వాద్యాలు తమ శ్రుతిలో బదులు పలకాలి. పిలుపు, బదులు అన్న పద్ధతిలో శ్రుతి భేదం దోషంగా వినిపించదు, రెండు ఊళ్ళ గొంతులుగా వినిపిస్తుంది.

చలి సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. గాలి చల్లబడితే గొట్టం శ్రుతి దిగిపోతుంది. పది డిగ్రీల తేడాకు అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు వరకు దిగుతుంది. మన ఊపిరి వేడి కొంత సర్దుతుంది గానీ పూర్తిగా సర్దదు. పుష్య మాసపు ఉదయం శ్రుతి చేసుకొని మధ్యాహ్నం ఎండలో అదే శ్రుతి అనుకొని వాయిస్తే, వెంట హార్మోనియం ఉన్నచోట గొడవ తప్పదు. మాస్టారు తొమ్మిది గంటలు అన్నది నిద్ర కోసమే అయినా, వాద్యాలకు కూడా అదే మంచిది.

రాజురా వాసి (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర):

మేము తెలుగు నేలకు రెండో సరిహద్దు వైపువాళ్ళము. మీకు చాలా దూరం కనుక వస్తానని మాట ఇవ్వలేను. అయినా ఒక విషయం హెచ్చరికగా రాయాలనిపించింది.

మా ఊరికి అవతల ఆదిలాబాద్ గోండు గూడేలలో దీపావళి రోజులలో దండారి అనే నృత్య ఉత్సవం జరుగుతుంది. ఆ మేళంలో సన్నాయి వంటి పెప్రె, డప్పు, తుడుంలతో పాటు కాలికొం అనే కొమ్మువాద్యం ఉంటుంది. రాజగోండులకు వాద్యం వాయించే బాధ్యత తరతరాలుగా పర్ధాను, తోటి అనే తెగలవారిది. ఆ వాద్యం ఎవరు పట్టాలి, ఎప్పుడు పట్టాలి అన్నదానికి వారి కట్టుబాట్లు వారికి ఉన్నాయి. మీ వైపు సవరలకు, మల్కన్‌గిరి వైపు కోయవారికి కూడా తమ తమ కట్టుబాట్లు ఉంటాయి. మీరు ‘అందరూ ఒకరి వాద్యం ఒకరు ఊది చూడండి’ అని సరదాగా ఒక కార్యక్రమం పెట్టారనుకోండి, దేవతకు మాత్రమే ఊదే కొమ్మును వారు ఇవ్వలేకపోవచ్చు, నలుగురిలో కాదనలేకపోవచ్చు కూడా. ఆ ఇబ్బందిలోకి వారిని నెట్టకూడదు. ముందుగా ఊరికి వెళ్ళి, పెద్దలతో కూర్చొని, ఏ వాద్యం తేవచ్చు, ఏ పిలుపు బయట వినిపించవచ్చు అని వారినే అడగండి. రానంటే రానట్టే.

వచ్చినవారిని వేషం కట్టుకొని రమ్మని అడగవద్దు. ట్రంపెట్ వాయించేవాణ్ణి మనం వేషం అడగడం లేదు కదా. అలాగే అడవిదున్న కొమ్ము ప్రదర్శనకు పెట్టాలని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముడిపడిన వ్యవహారం.

నాలుగో హారన్:

రాజురా వారి మాటకు ఒక చేర్పు. ఫ్రాన్స్, బెల్జియం, లక్సెంబర్గ్, ఇటలీ దేశాలలోని వేట కొమ్ము వాద్యకారుల కళను 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ వాద్యానికి వాల్వులు ఉండవు. మన పాత బ్యూగిల్ గారు చెప్పిన మెట్ల వరుసే దానికి ఆధారం. ఒకప్పుడు వేట సాగినంత సేపూ ఎక్కడ ఏమి జరుగుతున్నదో తెలిపే సంకేతంగా ఊదిన కొమ్ము అది. ఇప్పుడు వేటతో సంబంధం లేనివారు కూడా చేరి వాయిస్తారు. ఒక కట్టుబాటులోని వాద్యం బయటివారికి తెరుచుకోవడం ఉన్నదే. అయితే ఆ తలుపు ఎప్పుడు తెరవాలో లోపలివారే నిర్ణయించుకోవాలన్న రాజురా వారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను.

తూర్పుగాలి:

అందరికీ కృతజ్ఞతలు. మిత్రులతో కూర్చొని మీ ఉత్తరాలన్నీ రెండుసార్లు చదివాను. మేము అనుకున్న ప్రణాళికలో సగానికి పైగా కొట్టేశాము.

సభ ఉండదు. శాలువాలు ఉండవు. ముఖ్య అతిథి కూడా ఉండరు. ఈ మాట ఊళ్ళో కొందరికి కోపం తెప్పించింది, వారిని సముదాయించే పని నాది. రెండు రోజులూ ఉదయం తొమ్మిదికి అందరం ఒకే హాలులో కూర్చొని బి-ఫ్లాట్ షడ్జం మీద గంటసేపు దీర్ఘ స్వరాలు పడతాము. మంద్రానికి ఎడమవైపు, తారకు కుడివైపు, ఎటూ తేల్చుకోలేనివారికి మధ్య చోటు కేటాయిస్తాము. మొదటి రోజు మధ్యాహ్నం మాస్టారి మేళం వారు చెవి పాఠం చెబుతారు. స్వరలిపి పాఠం రెండో రోజుకు మార్చాము. పెదవులు అలసిపోతాయి కనుక వాయించినంత సేపు విశ్రాంతి కూడా ఉండేలా చూస్తున్నాము. ఆ విశ్రాంతి వేళలలో ఒకరి మాట ఒకరు వినడమే కార్యక్రమం. సాయంత్రం పిలుపు, బదులు పద్ధతిలో వాయించాలన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన. కొమ్ము తెచ్చేవారు ఎవరైనా ఉంటే మొదటి పిలుపు వారిదే. దాని కోసం వచ్చే ఆదివారం సవర గ్రామాల వైపు ఒకసారి వెళుతున్నాము. కాగితం పట్టుకొని కాదు, అడగడానికి.

మరొక ఆలోచన మా ఊరి నుండే వచ్చింది. పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో దువ్వెనలు, పక్షులు, బొమ్మలు చేసే పనివారు ఉన్నారు. వారిలో ఒకరిని అడిగితే, గేదె కొమ్ము కొసను కోసి, రంధ్రం తొలిచి, అంచు నునుపు చేసి ఇస్తామన్నారు. నమూనాగా ఒకటి చేయించి ఊది చూశాను. పొట్టి కొమ్ము కనుక రెండు స్వరాలకు మించి రాలేదు. రెండోది కూడా బతిమాలితే వచ్చింది. అయినా మొదటిసారి పెదవి అదరడం అంటే ఏమిటో పిల్లవాడికి తెలియడానికి అంతకన్నా మంచి సాధనం లేదనిపించింది. అది పాఠశాల నుండి ఎరువు తెచ్చిన బూర కాదు, ఇంటికి తీసుకువెళ్ళే సొంత వస్తువు. వాద్యం లేకుండా వచ్చే పిల్లలకు పది కొమ్ములు చేయిస్తున్నాము.

సొట్టలు తీయించడానికి బుడితి ఇత్తడి పనివారిని పిలుద్దామని మా మిత్రుడు ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. బుడితి వారి నేర్పు గొప్పదే, కానీ చెంబులు, పాత్రలు చేసే చేతి పని వేరు, కాగితమంత పలచని గొట్టాన్ని చిట్లకుండా వంచే పని వేరు. వారిని అతిథులుగా పిలిచి గొట్టాలు చూపిస్తాము, మరమ్మతుకు మాత్రం ఇవ్వము.

చివరగా చిన్న సందేహం. నా హారన్‌లో తిరుగుడు వాల్వులు ఉన్నాయి. వాటిని మీటకు కట్టే దారం తెగిపోతే మామూలు నూలు దారం రెండు రోజులకే సాగిపోతున్నది. సమ్మేళనం మధ్యలో తెగితే ఏమి చేయాలి? పాత బ్యూగిల్ గారు ఏ దారం వాడేవారు?

పాత బ్యూగిల్:

గాలపు దారం. అల్లిక దారమైతే మంచిది, ఒంటి పోగుది ముడి జారుతుంది. కట్టే ముందు పాత దారం ఎటు నుండి ఎటు చుట్టి ఉన్నదో ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. లేకపోతే సగం రాత్రి అయినా వాల్వు వెనక్కే తిరుగుతుంది. వాల్వులలో కొబ్బరి నూనె వేసే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి, చలికి గడ్డకడుతుంది.

బ్యాండు మాస్టారు:

గాలపు దారం గోపాల్‌పూర్ రేవులో దొరుకుతుంది. ఒక ఉండ నేను తెస్తాను. కొబ్బరి నూనె వేసేది మేమే.